మల్లేశ్వరరావు గారి మడత

మనుషులు ఉద్యోగాలు ఎందుకు మానేస్తారన్నది ప్రత్యూష పరిశోధన. ఇబ్రహీంపట్నం నుంచి ఇండోనేషియా దాకా మానేసినవాళ్లను వెతికి పట్టుకుని అడిగింది. ఇప్పుడొక పెద్ద కంపెనీలో మానవ వనరుల పరిశోధన విభాగానికి అధిపతి. ఆవిడ పద్ధతిని మేనేజ్‌మెంట్ కాలేజీల్లో పాఠంగా చెబుతున్నారు.

నాన్న మల్లేశ్వరరావు గారికి మాత్రం అదొక పనిలా తోచలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఆయనది చేనేత చీరల కొట్టు. మానేసినవాణ్ణి ఎందుకు మానేశావని అడగడానికి జీతమిచ్చే వెర్రివాళ్లున్నారా అనేవారు. కూతురికి ఢిల్లీలో అవార్డొచ్చినా, ముంబైలో వచ్చినా కొట్టు కట్టేసి వెళ్లింది లేదు.

అందుకే సొంతూళ్లో సన్మానం అనగానే ప్రత్యూష దృష్టంతా మొదటి వరస కుర్చీ మీదే పడింది. ఈసారైనా నాన్న వచ్చి తన మాట చివరిదాకా వినాలి. రప్పించే పూచీ తల్లి వెంకటరావమ్మ తీసుకుంది. పొద్దున్నే కొట్టు తాళంచెవి కొంగున ముడేసుకుంది.

ఆయన వచ్చారు. శాలువా కప్పాక కుటుంబ సభ్యులను వేదిక మీదికి పిలిస్తే ఎక్కారు కూడా. ఎక్కీ ఎక్కగానే కూతురి భుజం మీది శాలువా అంచు పట్టుకుని బొటనవేలితో నలిపి చూశారు. ఫొటోగ్రాఫర్ దాన్ని ఆప్యాయత అనుకుని గబగబా ఫొటోలు తీశాడు.

"మరమగ్గం," అని కూతురి చెవిలో తీర్పు చెప్పి ఆయన దిగిపోయారు.

ప్రత్యూష నవ్వాపుకుని ప్రసంగం మొదలుపెట్టింది. మానేసే రోజున ఎవరూ నిజం చెప్పరని, ఇంటి దగ్గర పనుందంటారని, కొన్నాళ్లాగి టీ తాగుతూ అడిగితే అసలు సంగతి బయటికొస్తుందని చెప్పింది. అడిగినవాళ్లు జవాబుకు ఎదురు చెప్పకూడదు, అదొక్కటే నియమం అంది. అని తలెత్తి చూస్తే మొదటి వరసలో నాన్న కుర్చీ ఖాళీ.

మిగతా ప్రసంగం ఎలా చెప్పిందో ఆవిడకే తెలీదు. చప్పట్లయ్యాక తల్లి తాళంచెవి చూపించి, ఇది లేకుండా కొట్టెలా తీస్తారే, పద చూద్దాం అని ఆటో ఎక్కించింది.

కొట్టు మూసే ఉంది. పక్కన టీ బడ్డీ దగ్గర నాన్న, ఆయన ఎదురుగా సాయిగణేష్. ఎనిమిదేళ్లు ఆయన దగ్గర సేల్స్‌మన్‌గా చేసి, ఉగాదికి మానేసి, ఎదురు కొట్లో చేరినవాడు. అప్పట్నుంచి ఆయన ఆ వైపు చూడటమే మానేశారు. ఇప్పుడు అతనికి టీ ఇప్పించి కూర్చున్నారు.

"నేను మడిచిన ప్రతి చీరా మీరు విప్పి మళ్లీ మడుస్తారు బాబాయ్ గారూ," అంటున్నాడు సాయిగణేష్. "అదీ కస్టమర్ల ముందు."

ఆయన నోరు తెరిచారు. అంతలో కూతురు కనపడింది. తెరిచిన నోట్లో టీ పోసుకున్నారు.

"నీ ప్రశ్న బానే ఉందమ్మాయ్," అన్నారు తర్వాత, భార్య దగ్గర తాళంచెవి తీసుకుని కొట్టు తలుపు తీస్తూ. "వాడి జవాబే బాలేదు."

"నేను మడిచినవీ ఇన్నేళ్లుగా అంతేగా," అంది వెంకటరావమ్మ. "నన్నెవరూ టీకి పిలవలేదు."

ప్రత్యూష శాలువా తీసి తనకొచ్చినట్టు మడిచి బల్ల మీద పెట్టింది. అంచుకి అంచు కలవలేదు. ఒక మూల నాలుక బయట పెట్టినట్టు వేలాడుతోంది. నాన్న చెయ్యి శాలువా దాకా వెళ్లింది. క్షణం ఆగింది. పక్కనున్న కళ్లజోడు తీసుకుని వెనక్కి వచ్చేసింది.