నలిగిన నీళ్లు

ఇలా దగ్గరికి జరగండి. చెవికి అందని చప్పుడు గురించి చెప్పేటప్పుడు గొంతు చించుకోకూడదు.

ఒక ప్రయోగశాలలో గాజుసామాను కడిగే ఆవిడ ఉండేది. అందరూ సీసాలమ్మ అనేవారు. ఆవిడ చేతికింద ఒక స్టీలు తొట్టి. మీట నొక్కితే ఎవరికీ వినపడని ధ్వని నీళ్లలోకి పోయి, కంటికి ఆనని బుడగల్ని పుట్టించి పగలగొట్టేది. ఆ దెబ్బకి ఎంత మొండి మరకైనా ఊడిరావలసిందే.

ఆవిడ చెల్లెలి కూతురు అక్కడే రసాయనాలు కలిపే ఉద్యోగి. ఒక లోహపు పొడి ఎంతసేపు కాచినా ద్రవంతో కలవనంటుంటే, విసిగిపోయి గాజుబుడ్డిని పెద్దమ్మ తొట్టిలో నిలబెట్టింది. పావుగంటలో బుడ్డిలోది బూడిదరంగుకి తిరిగింది. ధ్వని దెబ్బకి పొడి మీది పొర ఊడి, లోపలి లోహం బయటపడి ద్రవంతో కలిసిందన్నమాట. తర్వాత ఆరుసార్లు చేస్తే ఒక్కసారీ జరగలేదు. ప్రయోగశాల పెద్దసారు అదంతా కంటిభ్రమ అన్నాడు. ఆ మధ్యాహ్నం తన ఎదుట జరగకపోతే ఇక ఆ పని కట్టిపెట్టమన్నాడు.

పిల్ల మొండిఘటం. కన్నీళ్లు పెట్టుకోలేదు. తొట్టి తళతళా తోమి కొత్తనీళ్లు పట్టింది. ఆరుసార్లూ ఇలాగే పట్టావా అని సీసాలమ్మ అడిగింది. ఇలాగేనట. మొదటిసారి మాత్రం ఆవిడ కడుగుతున్న నీళ్లలోనే పెట్టేసిందట.

"అదే మరి. కొత్తనీళ్లకి మరక కదలదే తల్లీ. మీట నొక్కి కాసేపు ఉత్తినే ఆడించి నలగనివ్వాలి."

"నీళ్లు నలగడానికి అవేమైనా దుప్పటా పెద్దమ్మా?"

అంటూనే పిల్ల ఆగిపోయింది. కొత్తనీళ్లలో గాలి కరిగి ఉంటుంది. అది ధ్వని దెబ్బని మెత్తబరుస్తుంది. కాసేపు ఆడిస్తే ఆ గాలి బయటికి పోతుంది.

దెబ్బ ఎంత గట్టిదో తేల్చుకోవడానికి పలచటి అల్యూమినియం రేకు ముక్క ఆ కొత్తనీళ్లలో ముంచి చూసింది. నాలుగు సూదిపోట్లు పడ్డాయంతే. ఇరవై నిమిషాలు ఆడించి ఇంకో ముక్క ముంచింది. అది జల్లెడైపోయింది.

పెద్దసారు రాగానే రెండు ముక్కలూ బల్లమీద పెట్టింది. సీసాలు కడిగే ఆవిడ చెబితే కెమిస్ట్రీ అయిపోతుందా అని ఆయన నవ్వాడు.

"ఆవిడ చెప్పింది, రేకు చూపించింది. ఇప్పుడు బుడ్డి వంతు. కూర్చోండి సార్."

పావుగంటకి బుడ్డి బూడిదరంగు అయింది. ఆయన నమ్మక కొత్తనీళ్లు పట్టించి మరో బుడ్డి పెట్టించాడు. రంగు మారలేదు. ఆ నీళ్లనే ఇరవై నిమిషాలు ఆడించి, ఇంకో బుడ్డి పెట్టారు. మళ్లీ బూడిదరంగే. ఇక ఆ పని ఆగలేదు. పిల్ల తన నోటుపుస్తకంలో "సీసాలమ్మ పద్ధతి" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

ఇది గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ ఇరవై నిమిషాల మాట మాత్రం మింగేయకండి.