కొండ కింద బొగ్గు

తల్లి లేని ఆ పిల్లను పెంచిందీ, భూగర్భశాస్త్రం చదివించిందీ మేనమామే. ఊళ్ళో బొగ్గు గని మూతపడేదాకా ఆయన అందులో ఫోర్‌మన్. చిన్నప్పుడు కనిపించిన రాయల్లా ఒళ్ళో వేసుకొచ్చేదని ఇంట్లో ఆమెను రాళ్ళపిల్ల అనేవాళ్ళు.

బొగ్గు పొర కొండ అంచుదాకా వచ్చి కత్తితో కోసినట్టు తెగిపోవడంతో గని మూతపడింది. అది కొండ కిందికే దిగి ఉంటుందని మామయ్య నమ్మాడు. పని పోయినవాళ్ళంతా ఆ నమ్మకాన్నే పట్టుకు వేలాడారు. ఆయన ఎలాగో ఒక చిన్న కంపెనీని ఒప్పించి, కొండ పక్కన గని బావి తవ్వే ఏర్పాట్లు చేసి మేనకోడలికి కబురు పెట్టాడు. కొండ కింద బొగ్గుందని నలుగురి ముందు అంటే చాలన్నాడు.

ఆమె వచ్చింది. సుత్తి పట్టుకుని కొండ చుట్టూ తిరిగింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలు ముగుస్తుండగా వంటింటి బల్ల మీద ఒక నల్లటి పలకరాయి పెట్టింది. దాని మీద బొటనవేలి గోరంత పురుగు అచ్చు ఉంది. ఒళ్ళంతా పక్కటెముకల్లాంటి గీతలు.

"ఇది సముద్రం అడుగున పాకిన పురుగు మామయ్యా. ఈ రకం బతికిన నాటికి నేల మీద చెట్టన్నదే లేదు. అడవులు లేనిదే బొగ్గెక్కణ్ణించి వస్తుంది? ఇది కొండ మొదట్లో దొరికింది. దీని కింద ఎంత తవ్వినా ఇంకా పాత రాయే."

"పొరలు తిరగబడి ఉండొచ్చుగా? అడుగుది పైకొచ్చి?" అన్నాడాయన. గనిలో జీవితమంతా గడిపినవాడు అడగవలసిన ప్రశ్నే.

అదీ చూశానంది. ఆనాటి ఇసుక మీద అలలు వదిలిన గుర్తులు ఇంకా పైకే చూస్తున్నాయి, తిరగబడితే బోర్లా ఉండేవి.

"మరి మా పొర ఎటు పోయింది?"

"తెగినచోట మీ గని వైపు నేల కిందికి జారింది. కొండ వైపు పైకి లేచింది. అక్కడ బొగ్గు కొండ నెత్తి మీద ఉండేది. వానలకి ఎప్పుడో అరిగి కొట్టుకుపోయింది."

"అయితే నిచ్చెన వేసుకుని తవ్వుదాం," అని బావ నవ్వాడు. బావ అంటే మామయ్య ఒక్కగానొక్క కొడుకు, డ్రిల్లు నడిపేవాడు. మామయ్య నవ్వలేదు. రాతిని పక్కకు నెట్టి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆదివారం కార్మికుల హాలు కిక్కిరిసింది. తను పెంచిన పిల్ల పదిమందిలో తన మాట తీసెయ్యదని ఆయన ధీమా. మా పిల్ల చెబుతుంది వినండంటూ ఆమెను వేదిక ఎక్కించాడు. ఇంకా చూడాలి అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముందు వరసలో, రేపు బావిలోకి దిగబోయే బావనూ అతని పక్కన కూర్చున్నవాళ్ళనూ చూసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వెనకనుంచి ఒకడు, రాళ్ళు చదివావు సరే, ఆకలి చదివావా తల్లీ అన్నాడు. ఆమె వేదిక దిగింది. మామయ్య ముఖం కందగడ్డయింది. ఇంటికి వెళ్ళేదాకా ఆమెతో మాట్లాడలేదు, వెళ్ళాకా మాట్లాడలేదు. మర్నాడే ఆమె తన ఉద్యోగానికి తిరిగి వెళ్ళిపోయింది.

కంపెనీ ఇంకో నిపుణుణ్ణి పిలిపించింది. బొగ్గు లేదని గట్టిగా చెప్పలేమన్నాడాయన. మునిగేవాడికి గడ్డిపోచ చాలు. తవ్వకం మొదలైంది. ఎంత దిగినా నల్లటి పలకరాయే వచ్చింది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ మామయ్య తవ్విస్తూ పోయాడు. వానాకాలంలో రాతి పగులు తెరుచుకుని నీళ్ళు బావిలోకి విరుచుకుపడ్డాయి. అడుగున ఉన్నవాళ్ళంతా తాళ్ళు పట్టుకుని పైకి వచ్చారు. బావ ఒక్కడే రాలేదు.

కబురు తెలిసి ఆమె పరుగున వచ్చింది. మామయ్య ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయనే ముందు మాట్లాడాడు.

"నువ్వు చెప్పింది నిజమేనని నాకు మొదటి నెలలోనే తెలిసింది."

ఆమె తలెత్తి చూసింది.

"అంతమందిలో అలా చెప్పకుండా ఉంటే అప్పుడే ఆపేసేవాణ్ణి. ఆపితే నువ్వు గెలిచినట్టయ్యేది."

ముందు వంటింట్లో చెప్పానుగా మామయ్యా అనాలనుకుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే అనలేదు.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి అంతా వింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది. ముందుకు వచ్చి మేనకోడలి సంచీ తీసి వీధి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పెట్టింది.

"ఇక వెళ్ళమ్మా," అంది. "నువ్వు కళ్ళముందుంటే వాడు ఆయన తప్పువల్ల పోయినట్టుంటుంది. నువ్వు లేకపోతే వాడు ప్రమాదంలో పోయినట్టుంటుంది. మేమింకా బతకాలి కదా."

ఆమె చెప్పులు తొడుక్కుంది. మామయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వీధిలో గని మనుషులు ఇద్దరు ఎదురై, ఆమెను చూసి తల తిప్పుకుని అవతలి పక్కకు దాటారు.