కొంగుముడిలో వేలంపాట

పొద్దున్న మిక్సీ వేయాలంటే శిరీష ముందు కూతురి దగ్గరికి వెళ్లి చెప్పాలి. "మిక్సీ ఏత్తన్నాను మిరీ" అంటూ చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాలి. మిరియం నీలం రంగు చెవిమూతలు పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాతే మిక్సీ. ఇది ప్రమోదిని టీచరు నేర్పిన పద్ధతి. పిల్లకి ఆటిజం ఉంది, మనకి చప్పుడుగా వినబడేది దానికి దెబ్బలా తగులుతుంది, చెప్పకుండా మోత చెయ్యొద్దు, అలవాటవుతుందని బలవంతపెట్టొద్దు అని ఆవిడ చెప్పింది. బాగానే ఉంది కానీ, పలాసలో రైలు ఎవరికి చెప్పి కూస్తుంది?

అలా చెప్పకుండా వచ్చేవాటిని నాయనమ్మ జీవరత్నమ్మ చూసుకునేది. కొంగు చాపి రైలుకూతని పట్టి ముడివేసేసేది. అది ఇక మిరియంకి వినబడదు. కొంగు ఆవిడది కాబట్టి ఆవిడకీ వినబడదు. మిగతా ఊరు మామూలుగా వింటుంది. జీడిపప్పు ఫ్యాక్టరీ మోత, లారీ హారన్లు, పక్కింటి కుక్క, అన్నీ ఆ కొంగులోనే ఉన్నాయి. "మా ఆయన గురక కూడా కట్టీ పిన్నీ" అని ఇరుగుపొరుగు అడిగితే, "నాకేటి పనినేదా" అని కసిరేది.

పిల్ల తండ్రి రవికుమార్ ఆటో నడుపుతాడు. ఆదివారం చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు. ఏటా అక్కడ జరిగే పంట పండగకి వేలంపాట పాడేదీ అతనే. ఉద్దానం రైతులు దేవుడికని తెచ్చిన పనసకాయలు, కొబ్బరికాయలు, కోళ్లు అతని గొంతులో పడితే మంచి ధర పలుకుతాయని పేరు. ఇంట్లో మాత్రం ఆ గొంతుకి ఒకటే పని. గుమ్మంలో నిలబడి "మిరీ" అనేవాడు. "మిరీ" అని పిల్ల తిరిగి అనేది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన ఒకే ఒక్క మాట అది. దాన్ని వినడానికి మధ్యలో బేరాలు వదులుకుని మరీ ఇంటికొచ్చేవాడు.

ఈ ఏడు పంట పండగకి మిరియం చెవిమూతలు పెట్టుకుని నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుంది. సంఘపెద్ద జక్కయ్య చూశాడు.

"దేవుడి మందిరంలో హెడ్‌ఫోన్లేటయ్యా రవీ? పిల్ల సినిమా పాటలింటందేటి?"

అడిగింది ఒక్కడే. తల తిప్పి చూసింది అందరూ. అవి పాటలు వినేవి కావని ఒక్క మాట చెబితే సరిపోయేది. రవికుమార్ చెప్పలేదు. తల కొట్టేసినట్టయి, వెళ్లి పిల్ల చెవులమీంచి వాటిని తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తియ్యకు మావా," శిరీష చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మ ఏటి సెప్పింది?"

"దేవుడి కాడ సప్పుడికి ఏటవుతాదే? సిన్నగా అలవాటవుతాది."

మైకు అందుకున్నాడు. పనసకాయ పైకెత్తి "ఒకటోసారి" అన్నాడు, డ్రమ్ము మీద దెబ్బ వేశాడు. జనం చప్పట్లు. "రెండోసారి." మళ్లీ దెబ్బ. మిరియం చెవులు మూసుకుని నేలకేసి నుదురు కొట్టుకుంటోంది. అతనికి కనబడింది. మూడోసారి కూడా అనేసి వెళదామనుకున్నాడు. ఆ మూడోసారి అనకుండా ఉండాల్సింది.

జీవరత్నమ్మ లేచి మైకు వైపు కొంగు చాపి, ఉన్నదంతా ఒక్కసారే పోగుచేసి ముడివేసింది. డ్రమ్ము ఏదో గొంతు ఏదో చూసుకునే వ్యవధి లేదు. పిల్ల ఊరుకుంది.

సాయంత్రం గుమ్మంలో నిలబడి "మిరీ" అన్నాడు. పిల్ల తలెత్తలేదు. దగ్గరికెళ్లి మళ్లీ పిలిచాడు. కదులుతున్న అతని పెదాలను కాసేపు చూసి, జీడిపిక్కలు వరసగా పేర్చుకోవడంలో పడిపోయింది.

"అమ్మా, ఆ ముడి ఇప్పెయ్యే," అన్నాడు తల్లితో. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే ఉంది. చివరికి శిరీషే వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

"అత్తా, నీ కొడుకు ముడి ఇప్పమంతన్నాడు."

జీవరత్నమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. "నీ గొంతు ఇనాలని నాకు మాత్రం ఉండదేట్రా? ఇప్పితే డ్రమ్ములూ సప్పట్లూ అన్నీ కలిసి పిల్ల మీద పడతాయి. బారువ సముద్రం కాడికి పోయి ఇప్పినా దాని సెవికే వొత్తాయి. ఇడదీయడం నాకు రాదు." కొంగు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "నీ కూతురు. నీ ఇట్టం."

ముడి అరచేతిలో అదురుతోంది. అతనికి ఏడుపొచ్చింది. ఎవరో ఏమో అనుకుంటారని, పిల్ల చెవుల మీద ఉన్న రెండు మూతలు ఉండనివ్వలేకపోయాడు. మిరియం నుదురు కమిలిపోయి ఉంది. అయినా తనలో తను ఏదో పాడుకుంటూ పిక్కలు పేరుస్తోంది.

రవికుమార్ ముడి రెండు చివర్లూ పట్టుకుని ఇంకాస్త గట్టిగా బిగించాడు.

"మరేటి సేద్దాం మావా?" అంది శిరీష.

"ఉండనీ," అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట ఆమె ఒక్కదానికే వినబడింది.