పొద్దున మొరాయించే బండి

ప్రశాంతి తోలే పికప్ బండికి ఒక వింత గుణం పట్టుకుంది. మధ్యాహ్నం పూట బంగారంలా పరుగెడుతుంది. పొద్దున మాత్రం తమ ఊరు తర్లగూడ దాటి నాలుగు కిలోమీటర్లు పోయేసరికి, వాగు పక్కన మిట్ట ఎక్కుతూ ఎక్కుతూ, వెనకనుంచి ఎవరో కొంగు పట్టి గుంజినట్టు ఆగి ఆగి, రెండుసార్లు దగ్గి, చల్లబడిపోతుంది. పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే వరస.

బండి ఆమె సొంతం కాదు, మహిళా సంఘానిది. పదిహేనేళ్ల నాటి డీజిల్ బండి. కంప్యూటరు తగిలించి రోగం చెప్పే రకం కాదు. డీజిల్ కొట్టే పంపు ఒకటి, దాన్నుంచి నాలుగు పైపులు, వాటి చివర డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లు, అంతే. సంఘంలో పదకొండు మంది ఆడవాళ్ల కూరగాయలు, పప్పులు, చింతపండు ప్రతి శుక్రవారం అందులోనే సంతకు పోవాలి. పెళ్లైన కొత్తలో మొగుడు కాశయ్య ట్రాక్టరు మీద నేర్పిన విద్య ప్రశాంతికి ఇలా అక్కరకొచ్చింది. కాశయ్య ఇప్పుడు గోదావరి అవతల మిర్చి తోటల్లో ట్రాక్టరు తోలుతూ నెలకోసారి ఇంటికొస్తాడు. చుట్టుపక్కల బండి తోలే ఆడమనిషి ప్రశాంతి ఒక్కతే. అందుకే బండి ఆగిన రోజున కారణం కోసం ఎవరూ దూరం పోలేదు.

"క్లచ్ మీద కాలేసి కాపురం చేస్తున్నవ్. బండి ఆగక ఏమైతది?" అన్నాడు రాంప్రసాద్. సంఘం అధ్యక్షురాలు సునీతకు అతను మరిది. మొదటినుంచీ ఆ స్టీరింగు మీదే అతని కన్ను.

వరసగా మూడు సంతలకు ఆలస్యమయ్యాక సునీత అందరినీ కూర్చోబెట్టింది. "ఈ శుక్రవారం కూడా చూద్దాం. ఈసారి దారిలో ఆగిందనుకో, తాళంచెవి రాంప్రసాద్‌కు ఇచ్చేద్దాం. ఏమనుకోకు ప్రశాంతీ. పొద్దెక్కినంక పోతే మన వంకాయల మొకం ఎవరు చూస్తరు?"

ఏమీ అనుకోనని తలూపింది కానీ, ప్రశాంతికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తాళంచెవి చేతికొచ్చిన ఏడాదిన్నరలో ఆమెకు రెండు అలవాట్లయ్యాయి. ఎవరి అనుమతీ అడక్కుండా సంత జరిగే భోపాలపట్నం పోయి రావడం ఒకటి. ఎవరైనా మాట అంటే నేల చూపులు చూడకుండా, మొహంలోకి చూసి జవాబు చెప్పడం రెండోది. తాళంచెవి పోతే మొదటిది ఎలాగూ పోతుంది. రెండోది కూడా దాని వెంటే పోతుందేమోనని ఆమె భయం.

గురువారం పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, దారిలో రెండుసార్లు ఆగుతూ బండిని మిట్ట అవతలి ఊళ్లో ఉండే సత్యమూర్తి ఇంటిముందుకు తెచ్చి నిలిపింది. ఆయన కిరండూల్ ఇనప గని వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు బండ్లు బాగుచేసిన మనిషి. కోడలికి ఇక్కడి బడిలో టీచరు ఉద్యోగం రావడంతో కొడుకు కుటుంబంతో పాటే వచ్చేశాడు. అరుగు మీద కోతిటోపీ పెట్టుకుని టీ తాగుతున్నాడు.

"నేనిప్పుడు రెంచీ పట్టట్లేదమ్మా. నడుం వంగదు, చెవులా, సగం గనిలోనే వదిలేసి వచ్చా," అన్నాడు.

"మీరు చెప్పండి సార్, రెంచీ నేను పడత. క్లచ్ మీద నా కాలుదే తప్పని సంఘంల అంటున్నరు, రేపు సంతకు పోతుంటే ఆగితే తాళంచెవి పోతది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడాగుద్ది?"

"పొద్దున."

"ఎండెక్కాక?"

"ఆగదు."

"పొగ నల్లగా వస్తందా, తెల్లగానా?"

"రెండూ లేవు."

"ఠక్కున ఆగుద్దా, ఆయాసపడి ఆగుద్దా?"

"ఆయాసపడి."

ప్రశాంతికి ఒక్కసారి ఏదో తేలికైనట్టు అనిపించింది. నెల రోజులుగా అందరూ ఆమెకు చెప్పినవాళ్లే. అడిగినవాడు ఈయనొక్కడే.

బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తింది. ఆయన చెప్పినట్టే స్పానర్‌తో ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులుచేసింది. మొదటిది వదలగానే డీజిల్ చిమ్మి, ఇంజను కుంటుతూ ఊగిపోయింది. బిగిస్తే మళ్లీ సర్దుకుంది. రెండోది, మూడోది, నాలుగోది, అన్నిటికీ అదే కుంటు.

"నాలుగూ పనిచేస్తన్నాయి. చెయ్యని నాజిలైతే, దాన్ని ఆపినా బండికి తెలీదు. మా ఆఫీసులో కొందరుండేవాళ్లు, నెలరోజులు సెలవు పెట్టినా ఎవరికీ తెలిసేది కాదు. అలాగన్నమాట." తన మాటకు తనే నవ్వుకుని, ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. నవ్వు ఆగిపోయింది. "ఈ కటకట ఏంటి?"

"రాంప్రసాద్ టౌన్ల మెకానిక్ దగ్గరికి తీస్కపోయిండు. పంపును జర తిప్పితే జోరు వస్తదన్నడంట ఆయన."

"తిప్పేశాడూ! ఆకలేసి ఏడుస్తున్న పిల్లకి చెవి మెలేసినట్టుంది."

తర్వాత ఫిల్టరు మీదుండే చేతిపంపు నొక్కమన్నాడు. నొక్కింది. అది కిందికి పోయి అక్కడే ఉండిపోయింది.

"పైకి లేస్తలేదు సార్."

"పీల్చుకోడానికి ఏమీ దొరకట్లేదన్నమాట. ట్యాంకు వైపే ఏదో ఉంది. రూఢి చేసుకుందాం, ఒక సీసా పట్రా."

పక్కింటి ట్రాక్టరులోంచి రెండు లీటర్ల డీజిల్ అడిగి తెచ్చి, ప్లాస్టిక్ సీసాలో పోసి, బానెట్‌కు తాడుతో వేలాడదీసింది. ట్యాంకునుంచి వచ్చే పైపూ, తిరిగి ట్యాంకులోకి పోయే పైపూ ఊడదీసి, సీసాలోంచి నేరుగా పంపుకు సన్న గొట్టం పెట్టారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టుంది చూడ్డానికి. పైపులో గాలి పోయేదాకా చేతిపంపు కొట్టి స్టార్ట్ చేసింది. చలి అలాగే ఉంది, బండి మాత్రం దగ్గలేదు. పావుగంటపాటు రేస్ చేసినా ఒక్కసారి తడబడలేదు.

"పంపు బాగుంది. నాజిళ్లు బాగున్నాయి," అన్నాడు సత్యమూర్తి. "నీ కాలూ బాగుంది."

ప్రశాంతి మొహం తిప్పుకుని, చేతులు తుడుచుకునే వంకతో కళ్లు కూడా తుడుచుకుంది.

ఇక మిగిలింది ట్యాంకు. కిందికి దూరి అడుగు బోల్టు విప్పి, ప్లాస్టిక్ తొట్టి పెట్టింది. డీజిల్ ధారగా పడి, సన్నబడి, చివర్లో ఆగిపోయింది. పుల్లతో కెలికితే తెల్లటి ముద్దలు జారిపడ్డాయి. గడ్డకట్టిన నెయ్యిలా ఉన్నాయి.

"అదీ సంగతి!" అన్నాడు ఆయన తొట్టిలోకి చూస్తూ. "చలికి గట్టిపడి పైపు మూతికి అడ్డం పడతన్నాయి. బండి ఆగితే మెల్లిగా పక్కకు జారతాయి. ఎండెక్కితే కరిగిపోతాయి. అందుకే నీ బండి పొద్దునొక బండి, మధ్యాహ్నం ఇంకో బండి. బంకులోనే ఏదో కలిపుంటారు. రేపు మీ సంఘంలో ఆ మాట చెప్పెయ్, నీ మీద మాట పోద్ది."

ప్రశాంతి ఒక ముద్దను వేళ్ల మధ్య నలిపింది. ఒంటి వేడికి అది ఇట్టే కరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. డీజిల్ కంపు వెనక ఇంకో వాసన. ఆమె వంటింట్లో పదహారేళ్లుగా ఉన్న వాసన.

ఇప్ప నూనె.

అత్త వెంకమ్మ ప్రతి ఏడూ ఇప్ప గింజలు ఏరి నూనె పట్టిస్తుంది. చలికాలం వస్తే అది డబ్బాలోనే గడ్డకడుతుంది. కూర వండే ముందు పొయ్యి పక్కన పెడితే గాని కారదు. దసరా తర్వాత ఒక పొద్దున ప్రశాంతి ఆ డబ్బా తీసుకుంది. బంకు దూరం, ఇంట్లో కాస్త డీజిల్ ఉంటే మంచిదని. బోర్లిస్తే చుక్క రాలలేదు. ఖాళీదే అనుకుంది. అడుగున రెండు వేళ్ల మందాన గడ్డకట్టి ఉన్నది కనబడితే కదా! ప్రతి సంతకూ ముందురోజు మధ్యాహ్నం, ఎండకు ఆ నూనె కరిగే వేళ, ఆ డబ్బాతోనే ట్యాంకు నింపింది, తన చేతులతో తనే.

తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉండిపోయింది. బంకులో కల్తీ అంటే ఎవరూ మారుమాట్లాడరు. సార్ కూడా అదే అంటున్నారు. తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. నిజం చెబితే, నెల రోజులుగా రాంప్రసాద్ అంటున్నది తన నోటితో తనే ఒప్పుకున్నట్టు.

"బంకుది కాదు సార్," అంది చివరికి. "మా ఇంటిదే."

అంతా విని సత్యమూర్తి తనూ ఒక ముద్ద తీసి వాసన చూశాడు. "వంట నూనే! మా వర్క్‌షాపులో అయితే దీన్ని ల్యాబుకు పంపి, రిపోర్టు కోసం నెల కూర్చునేవాళ్లం. నువ్వు ఇట్టే చెప్పేశావమ్మా!"

మధ్యాహ్నం దాకా ఇద్దరూ ట్యాంకు కడిగారు, పైపులు ఊదారు, కొత్త ఫిల్టరు వేశారు. పంపు ఎక్కడ నిలవాలో చూపుతూ దాని మీద కంపెనీవాళ్లు పెట్టిన గీత మసి కింద దాక్కుంటే గోరుతో గీకి పట్టుకుంది. నట్లు వదులు చేసి, పంపును వెంట్రుకవాసి వెనక్కి జరిపింది.

"విని చెప్పు. నాకు వినబడి చావదు."

"ఇంకా కటకట ఉంది... తగ్గుతుంది... ఇప్పుడు గుడగుడ అంటుంది సార్."

"బిగించెయ్. అక్కడే దాని ఇల్లు."

సాయంత్రం అత్తకు సంగతి చెబితే వెంకమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "నా నూనె బండికి తాపినవా! నీ మొగుని కూరలో ఒక గంటె ఎక్కువ పోస్తెనే నేను ఊకోను!" తర్వాత గొంతు తగ్గించింది. "ఎవ్వరికీ చెప్పకు. బంకోళ్లదను. వాళ్లేమన్న మన ఊరికొచ్చి అడుగుతరా ఏంది?"

ప్రశాంతి ఆ డబ్బా తీసి వేణ్ణీళ్లతో కడగడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున నోరు తెరిస్తే పొగ వచ్చేంత చలి. బస్తాలు ఎక్కించారు. ఆడవాళ్లు దుప్పట్లు కప్పుకుని బండి చుట్టూ నిలబడ్డారు. రాంప్రసాద్ కూడా వచ్చాడు, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని.

"ఎక్కే ముందు ఒక మాట," అంది ప్రశాంతి. డబ్బా సంగతి మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెయ్యలేదు.

ముందు తేరుకున్నది లచ్చు, అందరికన్నా పెద్దావిడ. "అందుకేనా! బండి వెనక కూసుంటే ఈ మధ్య ఆకలి ఎక్కువైతుంది!"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. రాంప్రసాద్ నవ్వలేదు. "చూసినవా వదినా? నేను మొదటి సంది చెప్తలేనా, తప్పు ఈమెదే అని!"

సునీత మాత్రం ప్రశాంతినే చూస్తోంది. "ఇయ్యాల డబ్బా అంటున్నవ్. రేపు ఇంకోటి రాదా?"

"వస్తది అక్కా. పాత బండి, రాకుండ ఎట్లుంటది? కానీ వస్తే ముందు ఏం చూడాల్నో, తర్వాత ఏం చూడాల్నో నిన్న నేర్చుకున్న. నాజిళ్లు నా చేత్తోనే చూసిన. పంపు నేనే సరిచేసిన."

సునీత మరిది వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ చేతిల ఆగితే నువ్వేం చేస్తవ్?"

"ఏం చేస్త? మెకానిక్‌ను పిలిపిస్త."

"మిట్ట మీదికా?" అంది లచ్చు. "పిలువు బిడ్డా, అందాక మేము వంకాయలు కాల్చుకోని తింటం."

సునీత నవ్వు ఆపుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "అన్నమాట అన్నమాటే. దారిలో ఆగకుండా పోవాలె. పోనియ్."

మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. ఊరు దాటింది, వాగు దాటింది. మిట్ట మొదట్లో ప్రశాంతి గేరు తగ్గించింది. వెనక మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సునీత డ్యాష్‌బోర్డు అంచు పట్టుకుంది. ప్రతిసారీ ఆగే చోట బండి కొంచెం బరువుగా మూలిగింది, కానీ అది బస్తాల బరువు మూలుగే. చెవి పెట్టి వింది. గుడగుడ. అదే వరస, ఎక్కడా తెగలేదు. మిట్ట పైకెక్కి, అవతలి సాఫు రోడ్డు మీదికి దిగింది.

వెనక ఎవరో చిక్కుడుకాయల ధర ఎత్తారు. మిగతావాళ్లు అందుకున్నారు.

సునీత చెయ్యి డ్యాష్‌బోర్డు మీంచి తీసి, దుప్పటి లోపలికి లాక్కుంది. టౌను ఇళ్లు కనబడుతుండగా అంది:

"వచ్చే వారం కందులు వస్తయి. బస్తాలు ఎక్కువుంటయి. ఐదింటికే రా, ఎక్కియ్యాలె."

"నాలుగున్నరకే వస్త అక్కా," అంది ప్రశాంతి. "ఇంజను జర వేడిగావాలె."