పేరు చదివినవాడి పతకం

నేను ఒక కంచు పతకాన్ని. కరోనా కాలంలో ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లకి ఇవ్వడానికి సర్కారువారు చేయించిన రెండువేల పతకాల్లో ఒకదాన్ని. హైదరాబాదులో ఓ రేకుల షెడ్డులో ఉక్కు అచ్చు దబ్బున మీద పడగానే పుట్టాను. ఒకవైపు నాలుగు సింహాల ముద్ర, రెండోవైపు ‘మీ సేవకు వందనం’ అన్న అక్షరాలు. మూడురంగుల రిబ్బను కట్టి నీలం మఖ్మలు పెట్టెలో పడుకోబెట్టారు.

మరుసటేడు పంద్రాగస్టుకి కొండేపాలెం మునిసిపాలిటీలో సభ జరిగింది. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ధైర్యం గురించి మాట్లాడారు. ఆ రోజుల్లో మూడు నెలలపాటు గుమ్మం దిగనివాళ్లు మరీ బాగా మాట్లాడారు. నా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. “గుత్తుల నూకరాజు, ట్రాక్టరు డ్రైవరు” అని పిలిచారు. ఆఖరి వరసలోంచి యాభై ఏళ్ల మనిషి ఒకాయన లేచి వచ్చాడు. నన్ను అందుకోగానే పెట్టెతో సహా చొక్కాలో దాచుకున్నాడు. సంతోషం కాబోలనుకున్నాను. భయమని తర్వాత తెలిసింది.

నన్ను ఇంటికి తీసుకెళ్లలేదు. మఖ్మలు పెట్టెని సభలోనే ఎవరో పిల్లకి ఆడుకోమని ఇచ్చేశాడు. నన్ను గ్రీజు గుడ్డలో చుట్టి, ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో జాకీకీ పానాలకీ మధ్య దోపాడు.

కారణం ఉంది. ఆయన భార్య మంగతాయారు ఇంటి అరుగు మీద ఇడ్లీలు అమ్ముతుంది. జబ్బు రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో, ఆసుపత్రి నుంచి శవాల్ని శ్మశానానికి చేర్చే పని నూకరాజుకి పడింది. సొంతవాళ్లు దగ్గరికి రాలేని రోజులవి. మొయ్యడం, చితి పేర్చడం, నిప్పు పెట్టడం, అన్నీ ఆయనా ఇంకో ఇద్దరూ చూసుకున్నారు. ఇంట్లో మాత్రం మంచినీళ్ల ట్యాంకరు తోలుతున్నానని చెప్పాడు. నిజం తెలిస్తే ఆ అరుగు మీద ఇడ్లీ ఎవరు కొంటారు? రోజూ కాలువలో మునిగి, బట్టలు మార్చుకుని ఇంటికి వెళ్లేవాడు. నలుగురిలో తిరిగొచ్చేవాణ్ణి, నాకు దూరంగా ఉండండని పెరటి పాకలో పడుకునేవాడు.

మనుషులు దాచిన నిజాన్ని పేపరువాళ్లు ఊరికే వదులుతారా? ఫొటో వేశారు. కింద పేరూ, చేసిన పనీ వివరంగా రాశారు. నాలుగోరోజుకి పెట్టె మూత తెరుచుకుంది.

“ఏదీ, తియ్యి. ఊరంతా చూసింది, నేనే చూళ్లేదు,” అంది మంగతాయారు. “పొద్దున్న పేపరు చూపించి, ఈయన మీ ఆయనే కదా అని అడిగారు. చట్నీ గిన్నె చేతిలో పట్టుకుని ఏం చెప్పమంటావు?”

“జనం వెళ్లిపోయారా?” అన్నాడు నూకరాజు.

“నలుగురు పొట్లాలు అక్కడే వదిలేసి పోయారు. పోతే పోనీ. నీకు ఇడ్లీల బెంగే గానీ నా బెంగ లేదా? తడితలతో వస్తున్నావు, జలుబు చేస్తుందని రోజూ మిరియాల చారు కాచిపోశానే! అప్పుడైనా నోరు విప్పలేదేమయ్యా?”

ఆమె నన్ను తీసి చీరకొంగుతో గ్రీజు తుడిచింది. నా మీద ముచ్చటేసి కాదు, మురికిగా ఏ వస్తువునీ ఉంచలేని చెయ్యి అది. ఇంట్లో గూట్లో పెట్టి, ఆయనతో మాట మానేసింది.

ఆ ఆదివారం పొద్దున్నే ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. పేరు సుభాషిణి, విశాఖపట్నంలో టీచరు. చేతిలో ఆ పేపరు ముక్కే ఉంది.

“మా నాన్నగారు చామర్తి పేర్రాజు గారు. పోయిన ఏడాది మే నెలలో ఇక్కడే ఆసుపత్రిలో పోయారు. అప్పుడు నేనూ విశాఖపట్నంలో ఆసుపత్రిలోనే ఉన్నాను. పదహారో రోజుకి గానీ నాకు చెప్పలేదు,” అంది. “మీరే కదండీ తీసుకెళ్లింది? ఎలా ఉన్నారాయన? ముఖం ప్రశాంతంగా ఉందా?”

మంగతాయారు మొగుడికేసి చూసింది. ‘అవునని ఓ మాట అంటే నీ సొమ్మేం పోతుంది’ అన్నట్టున్నాయి ఆ కళ్లు. గూట్లోంచి నేనూ ఆ మాటే అనుకున్నాను.

“గుర్తు లేదమ్మా,” అన్నాడు నూకరాజు. “అబద్ధం చెప్పలేను. ముఖాలు మాకు కనపడేవి కావు, సంచుల్లో కట్టేసి ఇచ్చేవారు. మీ నాన్నగారెవరో నాకు తెలీదు.”

ఆవిడ ముఖం వాడిపోయింది. లేవబోయింది.

“ఒక్కటి మటుకు చెప్పగలనమ్మా. సంచి మీద చీటీ ఉండేది. నాకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కునైనా ఆ పేరు పైకి చదివాకే నిప్పు పెట్టేవాణ్ణి. పేరు చదవకుండా ఏ ఒక్కరినీ పంపలేదు.”

“ఏమని చదివేవారు?”

నూకరాజు మంగతాయారుకేసి చూశాడు.

“ఇప్పుడొకసారి అనండి. నాకు వినాలనుంది,” అందావిడ.

నూకరాజు లేచాడు. చెప్పులు విడిచాడు. చేతులు జోడించి, ఎదురుగా ఎవరో పడుకుని ఉన్నట్టు నేలకేసి చూస్తూ అన్నాడు: “చామర్తి పేర్రాజు గారూ! మీవాళ్లు రాలేకపోయారండీ. ఏమీ అనుకోకండి. నేనున్నాను. ఎళ్లిరండి.”

సుభాషిణి అరుగు స్తంభం పట్టుకుని ఏడ్చింది. ఎవరూ ఓదార్చబోలేదు. ఏడుపు నిమ్మళించాక మంగతాయారు చెంబుతో నీళ్లిచ్చి, ఆకులో రెండు ఇడ్లీలు పెట్టింది. ఆవిడ అరుగు మీద కూర్చునే తింది.

ఆవిడ వెళ్లాక మంగతాయారు నన్ను గూట్లోంచి తీసుకుని మొగుడి ఎదురుగా కూర్చుంది. మూడు రోజుల తర్వాత నోరు విప్పింది.

“మొదటిరోజు ఎవరిని తీసుకెళ్లావు?”

సభలో అంతమంది పెద్దలు మాట్లాడారు గానీ ఒక్కరూ ఆ మాట అడగలేదు. నూకరాజు గుర్తున్న పేర్లు చెప్పసాగాడు. ఒక ముసలమ్మ పేరుతో మొదలుపెట్టి, తనెరిగిన ఓ కవలపిల్లల తండ్రి దగ్గర ఆగి, కళ్లు తుడుచుకుని మళ్లీ సాగాడు. మధ్యాహ్నం గడిచింది. మర్నాటి ఇడ్లీలకి పప్పు నానబోసే వేళ దాటిపోయింది. మంగతాయారు లేవలేదు. నన్ను గుప్పిట్లో పట్టుకుని, ఆయన చెబుతున్న ఒక్కో పేరుకీ ఊఁ కొడుతూ వింటోంది.