చిటికెన వేలి ఆసరా

ఆవిడ పనిచేసేది బస్టాండులో, విచారణ కిటికీ దగ్గర. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఇంకా రాలేదు", "వచ్చేస్తుంది", "ఇవాళ లేదు" అనే మూడు ముక్కలతోనే నెట్టుకొస్తుంది. కిటికీ అవతల నిలబడ్డవాళ్ళ బాధ తెలియక కాదు, పట్టించుకునే తీరిక ఉండేది కాదు. తీరా తనే ఇంకో కిటికీ ముందు నిలబడాల్సి వచ్చేసరికి, చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అని తనని తనే వెక్కిరించుకుంది.

అంతా మొగుడి చెయ్యి గురించే. ఆయనది రెండు కుర్చీల సెలూన్. ఆ వీధిలో సగం గడ్డాలు ఆయన చేతికిందే నున్నబడ్డాయి. కొన్నాళ్ళుగా ఆ కుడిచెయ్యి వణుకుతోంది. మొదట టీ కప్పు సాసర్లో గలగలమంది. తర్వాత చొక్కా గుండీలు మొరాయించాయి. ఇప్పుడు కుడికాలు కూడా కాస్త ఈడుస్తున్నాడు. గడ్డం గీసే కత్తిని పెట్టెలో దాచేసి, ఒక్క కత్తెర పనే చేస్తున్నాడు. ఎవరైనా గడ్డం అంటే బ్లేడ్లు అయిపోయాయంటాడు. ఏ సెలూన్లోనైనా బ్లేడ్లు అన్నాళ్ళు అయిపోతాయా? వినేవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఊరుకున్నారు.

వీధి చివరి డాక్టరు చూసి, పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించుకోమని రాసిచ్చాడు. ఆ రోజు ఆవిడ డ్యూటీలో ఉంది, ఆయనొక్కడే వెళ్ళొచ్చాడు. పెద్దాసుపత్రివాళ్ళు పేరు రాసుకుని వచ్చే ఏడాదికి తేదీ ఇచ్చారు. ఆయన ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, హమ్మయ్య, ఓ పనైపోయింది అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది.

ఇరుగుపొరుగు మాత్రం క్షణంలో జబ్బు తేల్చేశారు. ఒకరు నీరసం అన్నారు, ఒకరు దిగులు అన్నారు, ఇంకొకరు మా మామయ్యకీ ఇలాగే మొదలైంది అని మొదలుపెట్టి, మామయ్యకి చివరికేమైందో చెప్పకుండా నాలిక కరుచుకున్నారు. ఆవిడకి భయం వేసింది. మందుకి లొంగే జబ్బయితే ఇన్నాళ్ళు ఊరికే పోగొట్టుకుంటున్నట్టే. లొంగనిదైతే ఆ మాటేదో ముందే తెలియాలి. పేరు తెలియని జబ్బుని ఇంట్లో పెట్టుకుని కాపురం చెయ్యడం తన వల్ల కాదనుకుంది.

రోజూ టీ వేళకి ఆసుపత్రికి ఫోన్ చేసేది, ఎవరైనా రాలేమన్నారేమో, ఆ ఖాళీ తమకి దొరుకుతుందేమోనని. అవతల ఎవరూ పలికేవారు కాదు గానీ పాట మాత్రం వచ్చేది. కొన్నాళ్ళకి కూరగాయలు తరుగుతూ కూడా అదే పాట కూనిరాగం తీస్తుంటే, వదిలెయ్యవే, వాళ్ళే పిలుస్తారు అన్నాడు ఆయన. 'వాళ్ళే పిలుస్తారు' అని తను ఎంతమందిని ఇంటికి పంపించిందో ఆవిడకి తెలుసు. ఎవర్నీ పిలిచిన పాపాన పోలేదు.

సెలవు పెట్టి ఆసుపత్రికే వెళ్ళింది. కిటికీ వెనక ఉన్నది చిన్నపిల్ల, కళ్ళకింద నల్లటి చారలు. ఆవిడ అరవలేదు. అరిచినవాళ్ళ బస్సు ముందు రాదని ఆవిడకంటే ఎవరికి తెలుసు? ఎదురుగా బెంచీ మీద కూర్చుని, వరసంతా కరిగాక లేచి వెళ్ళింది.

"కుదరదని నాకూ తెలుసమ్మా. ఏం చేస్తే కుదురుతుందో అది చెప్పు."

ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ఆ పిల్ల కంప్యూటర్లో చూసి, గొంతు తగ్గించి చెప్పింది. వరస ఎవరు ముందొచ్చారన్న దాన్ని బట్టి కాదట, ఎవరికి తొందరన్న దాన్ని బట్టట. మీ డాక్టరు గారు వణుకు కొద్దిగానే ఉంది, పనికి ఇబ్బంది లేదు అని రాశారు. ఆయన మళ్ళీ చూసి తొందరని చెబితే తేదీ మారుతుంది అంది.

పనికి ఇబ్బంది లేదా! ఇక ఆ డాక్టరుతో తాడో పేడో తేల్చుకోవాలని, మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరింది. బస్సులో ఎప్పటిలాగే ఆయన కుడిచేతిని తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుని కూర్చుంది. అలా పట్టుకుంటే వణుకు అణుగుతుంది, ఎదుటివాళ్ళకి తెలియదు. చూసినవాళ్ళు ఈ వయసులో ఎంత ప్రేమో అనుకుంటారు. అనుకోనీ, అదీ అబద్ధం కాదు.

డాక్టరు ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. కాగితం, పెన్ను ఇచ్చి ఆయన్ని నత్తగుల్లలాగా చుట్టలు చుట్టి గియ్యమన్నాడు. ఆయన వెన్ను నిటారు చేసి, శ్రద్ధగా గీశాడు. గీత కాస్త అదిరింది, అంతే.

"చూడండమ్మా, పోయినసారీ ఇలాగే గీశారు."

పోట్లాటకి వచ్చిన మనిషి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంట్లో గుండీ పెట్టుకోలేనివాడు ఇక్కడ ఇంత చక్కగా ఎలా గీశాడు? మళ్ళీ గియ్యమంది. ఈసారి కాగితం వైపు కాకుండా చేతి వైపు చూసింది. మోచెయ్యి డొక్కకి బిగించి ఉంది. చిటికెన వేలు బల్ల మీద కర్రలా నాటుకుని ఉంది. గడ్డం గీసేటప్పుడు ఆయన వేలు అలాగే ఎదుటివాడి దవడ మీద ఆనేది. వేలు ఆనకుండా కత్తి ఎత్తకూడదన్నది ఆయన నేర్చుకున్న మొదటి పాఠం.

"ఏవండీ, ఆ చిటికెన వేలు తీయండి. మోచెయ్యి కూడా."

"తీస్తే ఎలా పట్టుకుంటానే?"

"అదే చూడాలి డాక్టరు గారు."

ఆయన వేలు ఎత్తాడు. పెన్ను కాగితమంతా దడదడలాడి, అంచు దాటి బల్ల మీద కూడా గీసేసింది. ఆయన సిగ్గుతో తలొంచుకున్నాడు. డాక్టరు గారి ముందు చెయ్యి వణికితే ఏం బాగుంటుందండీ అని గొణిగాడు. పరీక్ష అనగానే పాసైపోదామనుకున్నాడు పాపం. తప్పాల్సిన పరీక్ష కూడా ఒకటుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

డాక్టరు ఆయన్ని గదిలో అటూ ఇటూ నడిపించాడు, గుండీ విప్పి పెట్టమన్నాడు. ఆ తర్వాత, ఆ రోజు నేనే వేలు గమనించాల్సింది అని ఫోన్ అందుకున్నాడు. వచ్చే గురువారానికి తేదీ దొరికింది.

గురువారం నరాల డాక్టరు గది ముందు ఇద్దరూ కూర్చున్నారు. అలవాటుగా ఆయన చెయ్యి ఆవిడ చేతుల్లోనే ఉంది. నిద్రపోతున్న పిల్లిపిల్లలా కదలకుండా ఉంది. లోపల ఏం పేరు చెబుతారో అని ఆవిడ మాత్రం తలుపు వంకే చూస్తోంది. ఇంతలో పిలుపు వచ్చింది. ఆయన లేచి, చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంచి, మెల్లగా అన్నాడు:

"పట్టుకునే ఉండవే. నువ్వు పట్టుకుంటే ఆగుతోంది."

"అందుకే వదిలేస్తున్నా" అంది ఆవిడ.

చేతులు తీసేసింది. ఆ చెయ్యి వణుకుతూనే తలుపు తోసింది. వెనకాలే ఆవిడ కూడా లోపలికి వెళ్ళింది.