నూగు వాలు

మాస్టరు కత్తెర పట్టాడంటే ఆ వీధిలో మిగతా కత్తెరలన్నీ కాసేపు ఆగి చూడాల్సిందే. ఈ మాట ఆయనే అనేవాడు. అయితే అందులో అబద్ధం పాలు తక్కువే కాబట్టి ఎవరూ కాదనేవారు కారు. ఆయన కోసిన కోటు భుజం మనిషికి పుట్టుకతో వచ్చిన భుజంలా అమిరేది. గూని ఉన్న గుమాస్తా ఒకాయన మాస్టరు కుట్టిన కోటు తొడుక్కుని ఆఫీసుకు వెళ్తే, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని పై అధికారి కుర్చీలోంచి లేచాడట. ఇది చెప్పిందీ మాస్టరే.

కొట్టు, ఇంటి ముందు గది. కిటికీ వెలుగు పడేచోట కటింగు బల్ల, దాని పక్కన రెండు మిషన్లు. ఒక మిషను మీద మాస్టరు భార్య, రెండోదాని మీద ఆవిడ చెల్లెలు. ఆ చెల్లెలి నోటి వాడి చూసి ఇంట్లో ఆమెను సూది అని పిలిచేవారు. పేరు పెట్టింది బావగారే. ఎక్కువ గుచ్చుకునేదీ ఆయనకే.

కొత్త గుడ్డ మీద మొదటి కోత పెట్టేముందు మాస్టరు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడేవాడు. ఆ కాసేపు మిషన్లు ఆగిపోవాలి. మాట్లాడటమంటే మరేమీ కాదు, అడగటం. "స్వామీ, నా కోత గీత తప్పకుండా చూడు. నా పేరు నిలబెట్టు. ఎదురు కొట్టువాడి కంటే నన్ను ఒక మెట్టు పైనే ఉంచు."

కోసిన గుడ్డ తిరిగి అతుక్కోదు. ఆ భయం లేని దర్జీ ఉండడు. కుర్రతనంలో మాస్టరూ ఆ భయంతోనే చేతులు జోడించేవాడు. రానురాను భయం పోయింది, అడగటం మాత్రం మిగిలిపోయింది.

"ఎదురు కొట్టు మాస్టరు కూడా పొద్దున్నే ఇదే అడుగుతాడట బావా. వాళ్ళావిడే చెప్పింది" అనేది సూది. "పాపం ఆ దేవుడు రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ దిక్కులు చూస్తూ ఉంటాడేమో."

"వాడిది పీల గొంతు. నాది గట్టిగా వినపడుతుంది."

"వీధి చివరికే వినపడుతోంది. దేవుడికి వినపడటం ఒక లెక్కా!"

మాస్టరు భార్యకూ భక్తి ఉంది. కాకపోతే ఆవిడ తీరు వేరు. తెల్లవారగానే వెనక గది గుమ్మంలో కాసేపు ఊరికే కూర్చునేది. ఏం అడిగావే అంటే, "ఏమీ అడగలేదండీ" అనేది. మరి అంతసేపు ఏం చేశావంటే, "కూర్చున్నాను" అనేది.

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అని మాస్టరు విసుక్కునేవాడు.

"అడగని బిడ్డ నోట్లో కూడా ముద్ద పెట్టే అమ్మల్ని చూశాను లెండి" అని ఆవిడ లేచి పనిలో పడేది.

ఇలా ఉండగా ఊళ్ళో కొత్త నాటకశాల తయారైంది. దాని వేదికకు వెల్వెట్ తెర కుట్టాలి. ఎదురు కొట్టాయనా వెళ్ళి అడిగాడు, మాస్టరూ అడిగాడు. పని మాస్టరుకు వచ్చింది. ఆ రోజు ఆయన నడిచిన నడక చూస్తే చెప్పులు నేలకు ఆనాయో లేదో అనుమానమే.

"చూశావా? ఎవరి మాట విన్నాడో!" అన్నాడు మరదలితో.

"విన్నాడు సరే. కుట్టేటప్పుడు కూడా ఆయన్నే రమ్మను బావా. నా మెడ పట్టేస్తోంది" అంది సూది.

వెల్వెట్ మామూలు గుడ్డ కాదు. దానికి నూగు ఉంటుంది, పిల్లి వీపులాగా. వాలు వెంట నిమిరితే చెయ్యి జారిపోతుంది, ఎదురు నిమిరితే అరచేతికి అడ్డుతగులుతుంది. నూగు పైకి తిరిగితే రంగు చిక్కబడుతుంది, కిందికి తిరిగితే వెలుగు పడి తేలిపోతుంది. అందుకని వెల్వెట్ తాను ఏది విప్పినా ముందు అరచేత్తో నిమిరి, వాలు ఎటో చూసి, గుడ్డ వెనకవైపు సుద్దతో బాణం గీసుకోవాలి. కుట్టేవాళ్ళు ఆ బాణాన్ని నమ్ముకుని కుట్టుకుపోతారు. మాస్టరు తన మరదలికి ఈ పని నేర్పినప్పుడు చెప్పిన మొదటి పాఠం ఇదే.

దానిమ్మ గింజ రంగు వెల్వెట్. ఎడమ భాగానికి ఒక తాను, కుడి భాగానికి ఒక తాను. ఎడమ భాగం నిమిరి, గీసి, నిక్షేపంగా కోశాడు. కుడి భాగం తాను విప్పేవేళకు నాటకశాల మేనేజరు పని చూడటానికి వచ్చాడు.

"మాస్టరుగారూ, తెర బ్రహ్మాండంగా ఉండాలి. ప్రారంభం రోజున కుట్టినవాళ్ళ పేరు స్టేజీ మీద చదివి పిలుస్తాం" అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాట మాస్టరు చెవిలో తేనెలా దిగింది. చేతులు జోడించాడు. ఆ పూట అడగాల్సినవి పెరిగాయి. పేరు చదివేటప్పుడు తడబడకుండా చదవాలి, చప్పట్లు గట్టిగా మోగాలి, ఎదురు కొట్టువాడు ముందు వరసలో కూర్చుని ఉండాలి. అడిగి అడిగి కళ్ళు తెరిచేసరికి గుడ్డ అప్పటికే తన మాట విన్నట్టు, తనకు లొంగి పడి ఉన్నట్టు తోచింది. మొదటి తాను ఎటు చుట్టి ఉందో రెండోదీ అటే ఉంటుందిలే అనుకుని బాణం గీశాడు. కోశాడు. అరచెయ్యి గుడ్డను తాకనే లేదు.

కొట్టులో ట్యూబులైటు కింద మడతలు పడి ఉన్న గుడ్డలో తేడా ఎవరికీ తెలియలేదు. అక్కాచెల్లెళ్ళు కోసిన నిలువు ముక్కలను పన్నా పక్కన పన్నాగా చేర్చి కుట్టారు. పైన కుచ్చిళ్ళు పెట్టారు, కింద వెడల్పుగా మడిచి అంచు కుట్టారు. నాటకశాల ప్రారంభానికి ముందు రోజు పొద్దున్నే తెర వేదిక మీదికి ఎక్కింది. లైట్లతను దీపాలు వేశాడు.

ఎడమ భాగం దానిమ్మ గింజ. కుడి భాగం ఉల్లిపొర.

మేనేజరు గొంతు సవరించుకుని, "ఇది కొత్త ఫ్యాషనా మాస్టరుగారూ?" అన్నాడు.

"లైట్ల లోపం" అన్నాడు మాస్టరు, మీసం సర్దుకుంటూ.

లైట్లతను అటు దీపాలు ఇటు, ఇటువి అటు మార్చాడు. దానిమ్మ దానిమ్మగానే ఉంది, ఉల్లి ఉల్లిగానే ఉంది. "ఇక స్టేజీని తిప్పమంటారా?" అని అడిగాడు నిచ్చెన మీదినుంచే.

మేనేజరు నవ్వలేదు. "సాయంత్రం వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఎక్కడినుంచైనా తెర అద్దెకు తెప్పించుకుంటాను. ఏమనుకోకండి" అని వెళ్ళిపోయాడు.

మాస్టరు ముందు వరస కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు. "స్వామీ, రెండూ ఒక రంగు చెయ్యి. నా పరువు తియ్యకు. ఇన్నాళ్ళూ నీ పేరు తలవకుండా ఒక్క కోతయినా కోశానా?" ఖాళీ హాల్లో ఆయన గొంతు గోడకు తగిలి ఆయన దగ్గరికే తిరిగొచ్చింది.

తెర ఎలా వచ్చిందో చూద్దామని అక్కాచెల్లెళ్ళు అప్పుడే లోపలికి వచ్చారు. సూది తెర వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏమీ అనలేదు. ఆమె ఏదో ఒకటి అని ఉంటేనే మాస్టరుకు బాగుండేది. భార్య మాత్రం వేదిక ఎక్కి, కుడి భాగం మీద ఒకసారి చెయ్యి వేసి, దిగి వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏమడుగుతున్నారు?"

"రెండూ ఒక రంగు చెయ్యమని."

"ఎవర్ని?"

"ఎవర్నేంటే? దేవుణ్ణి!"

"ఎక్కడున్నాడాయన?"

"ఎక్కడేంటి, అంతటా ఉన్నాడు."

"ఆ తెరలో?"

"ఉన్నాడు."

"మీ అరచేతిలో?"

"ఉన్నాడు. ఇప్పుడు నాకు పరీక్ష పెడుతున్నావా?"

"అయ్యో, కాదండీ. నాకూ పూర్తిగా తెలీకే అడుగుతున్నాను. మీ కళ్ళలోంచి చూసేదీ ఆయనే అయితే, ఆ కళ్ళు మూసుకుని ఆయన్ని చూడమంటే ఎలా చూస్తాడు?" ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మాట్లాడుతోంది. పొడవుగా మాట్లాడటం ఆవిడకు అలవాటు లేదు. "నేను ఇటు, ఆయన అటు ఉంటేనే కదా అడగడం. నా పేరు, నా పరువు, నా కోత అనుకున్నంతసేపూ ఆయన అటే ఉంటాడు. ఆ నాదీ నాదీ అనేది కాస్త ఊరుకుందనుకోండి, ఇక అడిగేదెవరు, ఇచ్చేదెవరు? నేను గుమ్మంలో కూర్చుంటానా, నాకు అడగడానికి అటువైపు ఎవరూ కనపడరు. ఇటువైపూ కనపడరు. అందుకని ఊరికే కూర్చుంటాను."

"బాగుంది. ఇప్పుడు నన్నూ ఊరికే కూర్చోమంటావా? సాయంత్రం వాడు వచ్చి పరదా పీకేస్తుంటే?"

"కూర్చోమనలేదు. లేచి వెళ్ళి చెయ్యి పెట్టి చూడమంటున్నాను."

మాస్టరుకు ఒళ్ళు మండింది. మండుతూనే లేచాడు. వేదిక ఎక్కి ఎడమ భాగం కిందినుంచి పైకి నిమిరాడు. చెయ్యి నీళ్ళలో జారినట్టు జారింది. కుడి భాగం అలాగే నిమిరాడు. నూగు అరచేతికి ఎదురు తిరిగింది. మళ్ళీ నిమిరాడు. ఎన్నేళ్ళుగానో ఆ చేతికి తెలిసిన సంగతే అది. చెయ్యి ఎప్పుడూ మరిచిపోలేదు, ఆయనే దాన్ని అడగలేదు.

సూది వెనక నిలబడి మెల్లిగా, "బాణం ప్రకారమే కుట్టాను బావా" అంది.

మాస్టరు నాలుక మీద చాలా మాటలు మెదిలాయి. మిల్లువాడు తాను తిరగేసి చుట్టాడు అనవచ్చు. మేనేజరు వచ్చి ధ్యాస చెడగొట్టాడు అనవచ్చు. రెండూ నిజాలే.

"బాణం నేనే గీశాను. నిమరకుండా గీశాను" అన్నాడు.

ఆ మాట అంటే తల పగిలిపోతుందనుకున్నాడు, పగల్లేదు. పైగా కళ్ళు తెరుచుకున్న దర్జీ బుర్ర వెంటనే పనిలో పడింది. కుడి భాగం పన్నాలన్నీ ఒకే వాలులో ఉన్నాయి. అంటే నిలువు కుట్లు విప్పనక్కర్లేదు. భాగం మొత్తాన్ని తలకిందులు చేస్తే సరి. పైన కుచ్చిళ్ళు విప్పాలి, కింద అంచు విప్పాలి, కింది కొస పైకి, పై కొస కిందికి. వెల్వెట్ మీద సూది గుర్తులు చావవు, నిజమే. కానీ పాత అంచు గుర్తు కొత్త కుచ్చిళ్ళలో కలిసిపోతుంది, పాత కుచ్చిళ్ళ గుర్తులు కొత్త అంచు మడతలో దాక్కుంటాయి.

"దించండి దీన్ని!" అని కేకేశాడు. ఈసారి ఆ గొంతుకు లైట్లతను నిచ్చెన మీద ఉలిక్కిపడ్డాడు.

వేదిక నిండా వెల్వెట్ పరిచి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. విప్పడమే సగం మధ్యాహ్నాన్ని తినేసింది. తర్వాత కచ్చాకుట్టు, ఆపైన కుచ్చిళ్ళు, అన్నీ చేతికుట్టే. మిషను తెచ్చే వేళ లేదు. సూదికి నోరు తిరిగొచ్చింది.

"బావా, ఇంత దగ్గరగా కూర్చుని నువ్వు కుట్టడం ఇదే మొదటిసారి చూడటం. పరవాలేదు, పైకొస్తావు."

"నీకు సూది పట్టుకోవడం నేర్పింది నేనే."

"అందుకే కదా అప్పుడప్పుడూ గుచ్చుకుంటోంది."

వెల్వెట్ మోకాళ్ళ మీదికి ఎక్కి నడుములు కప్పేసింది. పైకి కనిపించేవి చేతులే. అవి ఒకదానికొకటి ఎదురవుతూ, దారం అందిస్తూ, మడత పట్టి ఆపుతూ, వదులుతూ పోతున్నాయి. ఎవరూ ఎవర్నీ ఏదీ అడగటం లేదు. ఎడమ చెయ్యి కుడి చేతిని బతిమాలుకుంటుందా? కావలసింది కావలసిన వేళకు అందుతూనే ఉంది.

ఒకచోట మాస్టరు చూపు ఆగింది. కుచ్చిళ్ళ వరస ఒకటి, కొలబద్ద పెట్టి చెక్కినట్టు ఉంది. ఒక్క కుచ్చు పొల్లు పోలేదు. ఆహా, అనుకున్నాడు, ఛాతీ పొంగింది. ఇదీ నా చేతి పని అంటే! ఆ వెంటనే దారం కొసన ముడి చూశాడు. ఆ ముడి ఆయనది కాదు, మరదలిది.

చిత్రమేమిటంటే, పొంగిన ఛాతీ దిగలేదు.

ఎక్కడ దిగాలో తెలియక అది అలాగే ఉండిపోయింది. ఇందాక తనదనుకున్నప్పుడు ఎంత ఆనందమో, ఆమెదని తెలిశాక కూడా అంతే. ఆ రెంటి మధ్య కుట్టు ఎక్కడుందో వెతికాడు, దొరకలేదు. వెతకడం మానేసి ఆ ముడి పక్కనే సూది దించి వరస అందుకున్నాడు. ఆయన పెదవులు కదలటం లేదు. కళ్ళు బాగా తెరిచే ఉన్నాయి. జీవితంలో ఇంత నిండుగా ఎప్పుడు మొక్కాడో ఆయనకే గుర్తు లేదు.

పొద్దు వాలేవేళకు మేనేజరు వచ్చాడు. అద్దెకు తెర ఇచ్చేవాళ్ళ చిరునామా జేబులో పెట్టుకునే వచ్చినట్టున్నాడు, చెయ్యి అక్కడే ఉంది. తెర పైకి లేచింది. లైట్లతను దీపాలు ఒక్కొక్కటిగా వేశాడు.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే దానిమ్మ. మధ్యలో రెండు భాగాలు కలిసేచోట గీత ఎక్కడుందో కుట్టినవాళ్ళకే తెలియాలి. మేనేజరు చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. నిచ్చెన మీదినుంచి లైట్లతను, ఎవరూ అడక్కుండానే, ఈల వేశాడు.

"మరి పొద్దున ఏమైంది?" అన్నాడు మేనేజరు తేరుకుని.

"నూగు వాలు చూడకుండా కోశాను. తప్పు నాదే. తిరగేసి కుట్టాం" అన్నాడు మాస్టరు, వాన వెలిసిందని చెప్పినంత మామూలుగా.

"అబ్బ, అద్భుతంగా ఉందండీ. రేపు పేరు చదువుతానన్నాను కదా. ఎవరి పేరు చదవమంటారు? ముగ్గురూ కుట్టినట్టున్నారు."

"మా బావ పేరే చదవండి. అలవాటైన ప్రాణం" అంది సూది.

మాస్టరు తెరను చూస్తూనే ఉన్నాడు. తల ఎత్తి, ఛాతీ విరుచుకుని, అచ్చం ఎప్పటిలాగే నిలబడ్డాడు. "ఎవరి పేరైనా చదవండి. ఏ పేరు చదివినా నేను లేచి నిలబడతాను" అన్నాడు.

మేనేజరుకు అర్థమైందో లేదో గానీ తల ఊపాడు.

"చూశావా అక్కా," అంది సూది, "ఇంత జరిగినా మీ ఆయన పొగరు పిసరంత తగ్గలేదు."

"తగ్గడమెందుకే?" అంది అక్క, రాలిన దారప్పోగులు ఒడిలోంచి దులుపుకుంటూ. "ఇంత పెద్ద తెర కుట్టాం. పొగరు అందరికీ సరిపడా ఉండనీ."